పాత బండికి కొత్త బ్రేకు: సిత్రా షెడ్డు నుండి పులివెందుల గని వరకు

పరుగెత్తే ఎద్దును మెచ్చుకునేవారు చాలామంది. దానికి ముకుతాడు వేసినవాణ్ణి తలచుకునేవారు తక్కువ. మోటారు సైకిళ్ల చరిత్ర వ్రాసేవారు కూడా ఇంజను గురించి పుటలు నింపి, బ్రేకు గురించి రెండు మాటలతో సరిపెడతారు. ఆ రెండు మాటలనే కొంచెం విప్పి చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం. విప్పి చూస్తే ఒక పాత బండి చక్రంలో మన తోటల కథ, మన మాతృభూమి కథ, గల్ఫ్ దేశాలకు వెళ్లిన మనవాళ్ల కథ మూడూ కలిసి కనిపిస్తాయి. ఇది యంత్రాల సంగతి గదా, మనకెందుకని పాఠకులు పుట తిప్పవద్దని మనవి.

సిత్రా దీవి

సిత్రా అనే పేరు మన పాఠకుల్లో చాలామందికి కొత్తది కావచ్చు. అది బహ్రెయిన్ దేశంలో ఒక చిన్న దీవి. రాజధాని మనామాకు దక్షిణంగా, ప్రధాన దీవికి తూర్పు అంచున, కట్టదారులతో కలిసి ఉంటుంది. ఒకప్పుడు ఖర్జూరపు తోటలకు, మంచినీటి ఊటలకు ఆ దీవి పేరుపొందింది. 1932లో బహ్రెయిన్‌లోని జెబెల్ దుఖాన్ కొండ దగ్గర చమురు పడింది. అరేబియా తీరంలో గల్ఫ్ ఒడ్డున పడిన మొదటి చమురు అదే. 1936లో సిత్రాకు ఎదురుగా ప్రధాన దీవి ఒడ్డున చమురు శుద్ధి కర్మాగారం మొదలైంది. సిత్రాలో చమురు నిలవచేసే పెద్ద తొట్లు, ఓడలకు చమురు నింపే రేవు వెలిశాయి. తర్వాత కర్మాగారాలు, గిడ్డంగులు, వాహనాల మరమ్మతు షెడ్లు వచ్చాయి. చెట్ల తోట యంత్రాల తోటగా మారిందన్నమాట.

బహ్రెయిన్‌కూ భారతదేశానికీ సంబంధం నిన్నటిది కాదు. 1947 వరకు అక్కడి బ్రిటిష్ ప్రతినిధి భారత ప్రభుత్వానికి లోబడి పనిచేసేవాడు. 1965లో దీనారు వచ్చేవరకు అక్కడ చెలామణి అయినది రూపాయే. 1967 వరకు బండ్లు మన దేశాల్లో లాగే రోడ్డుకు ఎడమవైపున నడిచేవి. 1971లో బహ్రెయిన్ స్వతంత్ర దేశమైంది. 1973లో చమురు ధరలు పెరిగిన తరువాత గల్ఫ్ దేశాలన్నిటికీ కూలీలు, మేస్త్రీలు, మెకానిక్కులు కావలసివచ్చారు. కోనసీమ నుండి, కడప ప్రాంతం నుండి, కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుండి తెలుగువారు బయలుదేరారు. మన తాతలు కంగాణీ మాట నమ్మి ఓడ ఎక్కితే, వీరు ఏజెంటు మాట నమ్మి విమానం ఎక్కారు. తేడా అంతే.

అటువంటి సిత్రాలో ఒక షెడ్డు బల్లమీద పాత రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ చక్రం ఒకటి పెట్టి ఉందనుకుందాం. దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలి. బ్రేకు అరిగిపోయింది. కొత్త భాగాలు వేయాలి. ఆ చక్రంలోని ఒక్కొక్క వస్తువు ఏ దారిన అక్కడికి చేరిందో చూద్దాం.

తిరువొత్తియూరు బండి

బుల్లెట్ అనే పేరుతో మొదటి బండి ఇంగ్లండులో రెడిచ్ పట్టణపు కంపెనీ నుండి వచ్చింది 1932లో. బహ్రెయిన్‌లో చమురు పడినదీ ఆ ఏడాదే. 1950ల తొలినాళ్లలో భారత సైన్యం సరిహద్దు గస్తీకి గట్టి బండ్లు కావాలని బుల్లెట్లను ఎంచుకొన్నది. 1955లో మద్రాసు మోటార్స్ వారితో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. మద్రాసుకు ఉత్తరాన తిరువొత్తియూరులో కర్మాగారం పెట్టారు. ఆ ఊరు తెలుగువారికి కొత్త కాదు. త్యాగరాజస్వామి అక్కడి త్రిపురసుందరీ అమ్మవారిమీద అయిదు కృతులు చెప్పాడు. అందుకే ఆ ఊరి పేరు మన సంగీత ప్రియుల నోట ఎప్పటినుండో ఉంది.

1967లో రెడిచ్ కర్మాగారం మూతపడింది. మరి మూడు నాలుగేళ్లకు ఇంగ్లండులో మిగిలిన పని కూడా ఆగిపోయింది. తిరువొత్తియూరులో మాత్రం పని ఆగలేదు. 1977లో అక్కడ తయారైన బుల్లెట్లు తిరిగి ఇంగ్లండుకే ఎగుమతి అయ్యాయి. తల్లి పోయిన తరువాత బిడ్డ ఇల్లు నిలబెట్టినట్లయింది. ఈ కారణంచేతనే పాత బుల్లెట్‌కు భాగాలు ప్రపంచంలో ఎక్కడైనా దొరుకుతాయి. దొరకడం సులభమైనందువల్లనే అందులో ఒక ప్రమాదం కూడా ఉంది. అది ముందు చెబుతాము.

ఇక చక్రానికి చుట్టిన టైరు. దాని కథ మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. 1876లో హెన్రీ వికమ్ అనే ఆంగ్లేయుడు బ్రెజిల్ నుండి రబ్బరు గింజలు లండనుకు చేర్చాడు. మరుసటి ఏడు ఆ మొక్కలు సింగపూరుకు వచ్చాయి. 1888లో డన్‌లప్ గాలి టైరు కనిపెట్టాడు. తర్వాత మోటారు బండ్లు వచ్చాయి, రబ్బరుకు గిరాకీ పెరిగింది, అడవులు నరికి తోటలు వేశారు. ఆ తోటల కోసం విశాఖ, గంజాం, గోదావరి, చిత్తూరు సీమల నుండి మనవాళ్లను తెచ్చారు. కొందరు బాగాన్ దాతో కొబ్బరి తోటలకు వెళ్లారు, కొందరు రబ్బరు తోటలకు వెళ్లారు. మలయాకు ఒప్పందపు కూలీ పద్ధతి 1910లో రద్దయింది. కంగాణీ పద్ధతి 1938 దాకా నడిచింది. బండి పరుగెత్తడానికి కావలసిన రబ్బరును మన తాతలు, అవ్వలు తెల్లవారుజామున గీసి ఇచ్చారు. దోమకాటు, చలిజ్వరం వారి వంతు అయ్యాయి.

పరుగు సంగతి అది. ఇక ఆగడం సంగతి చూద్దాం.

బ్రేకు ఎలా పనిచేస్తుంది

పాత బండ్లలో ఉండేది డ్రమ్ము బ్రేకు. 1902లో ఫ్రాన్సులో లూయీ రెనో దీన్ని కార్లకు పెట్టాడు. చక్రం నడుమ ఇనుప డ్రమ్ము ఒకటి చక్రంతోపాటే తిరుగుతుంది. దాని లోపల అర్ధచంద్రాకారంలో రెండు షూలు ఉంటాయి. అవి తిరగవు. చేతి లివరు నొక్కితే కేబులు లాగుతుంది, కేబులు చిన్న లివరును తిప్పుతుంది, ఆ లివరు క్యామును తిప్పుతుంది, క్యాము రెండు షూలనూ విడదీసి డ్రమ్ముకు ఒత్తుతుంది. రాపిడి పుడుతుంది, బండి ఆగుతుంది. లివరు వదిలితే స్ప్రింగులు షూలను మళ్లీ దగ్గరకు లాగుతాయి.

డ్రమ్ము తిరిగే దిశలోనే కదిలి ఒత్తే షూను డ్రమ్మే లోపలికి లాక్కొని ఇంకా గట్టిగా పట్టిస్తుంది. దానిని లీడింగ్ షూ అంటారు. రెండో షూను డ్రమ్ము నెట్టివేస్తుంది గనుక అది తక్కువ పని చేస్తుంది. అందుకే తరువాతి కాలంలో ముందు చక్రానికి రెండు షూలూ లీడింగ్ అయ్యేటట్లు రెండు క్యాములు పెట్టారు.

షూ అల్యూమినియంది, డ్రమ్ము ఇనుముది. రెండూ నేరుగా రాసుకుంటే ఒకదాన్నొకటి తినేస్తాయి. అందుకని షూమీద ఒక పట్టీ అతికిస్తారు లేక రివిట్లతో బిగిస్తారు. దీని పేరు లైనింగు. బండిలో అతి చవకైన వస్తువుల్లో ఇది ఒకటి. మనిషి ప్రాణం ఆధారపడేది దీనిమీదనే. మనం చెప్పదలచిన కథ కూడా దీనిదే.

పాత బూటు నుండి రాతినార దాకా

ఇంగ్లండులో డెర్బీషైర్ కొండ ప్రాంతంలో హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన ఉండేవాడు. గుర్రపు బండ్లవాళ్లు దిగుడు దారిలో పాత బూటును చక్రానికి ఒత్తి బండి ఆపడం ఆయన చూశాడని చెబుతారు. 1897లో ఆయన నూలు పట్టీని తారు వంటి పదార్థంలో నానబెట్టి బ్రేకుకు వాడాడు. తన పేరులోని అక్షరాలే తిరగవేసి, ఒక అక్షరం చేర్చి ‘ఫెరోడో’ అని తన సరుకుకు పేరు పెట్టాడు. నూలు పట్టీ గుర్రపు బండికి చాలింది గాని మోటారు బండి వేడికి మాడిపోయింది. 1908లో ఆయన నూలు స్థానంలో రాతినారను, అనగా ఆస్‌బెస్టాస్‌ను వాడాడు.

రాతినార నిజంగా వింత వస్తువు. రాయి వలె కాలదు, నార వలె నేయవచ్చు. లాగితే తెగదు, వేడెక్కితే పట్టు సడలదు, పైగా చవక. ఇంకేం కావాలి? ఆ తరువాత 70, 80 ఏళ్లపాటు లోకంలో తయారైన బ్రేకు లైనింగుల్లో దాదాపు అన్నింటిలో అదే ఉండేది. మన దేశాల రోడ్లమీద తిరిగిన పాత మోటారు సైకిళ్లు, లారీలు, బస్సులు అన్నీ దానితోనే ఆగాయి.

పులివెందుల నేలలో

ఈ రాతినార ఎక్కడో కెనడాలోనో, ఆఫ్రికాలోనో మాత్రమే పుడుతుందని అనుకోవద్దు. మన రాయలసీమలో కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో బ్రాహ్మణపల్లె చుట్టుపక్కల పుట్టింది. అక్కడి వేంపల్లె సున్నపురాయి పొరలలోకి పూర్వం నల్లరాతి ద్రవం చొచ్చుకు వచ్చింది. ఆ రెండూ కలిసిన అంచున తెల్లని క్రిసొటైల్ రకం రాతినార సన్నని పొరలుగా ఏర్పడింది. మంచి రకమని పేరు పొందింది. భారతదేశపు రాతినార గనుల గురించి చెప్పేటప్పుడు కడప జిల్లా పేరు చెప్పకుండా ఎవరూ ముగించరు.

గనిలో తవ్విన రాయినుండి నారను విడదీయాలంటే రాయిని పగులగొట్టాలి. పగులగొడితే ధూళి లేస్తుంది. కరువు సీమలో పని దొరకడమే భాగ్యమైనప్పుడు ధూళిని ఎవరు లెక్కపెడతారు? భారతదేశంలో రాతినార వాడకంలో సింహభాగం ఇంటి కప్పుల సిమెంటు రేకులదే. బ్రేకులకు వెళ్లినది కొంత భాగమే. ఏ పనికి వెళ్లినా తవ్వినవాడి ఊపిరికి మాత్రం తేడా లేదు. 1986లో భారత ప్రభుత్వం రాతినార గనులకు కొత్త కౌళ్లు ఇవ్వడం, ఆ తరువాత పాతవి పొడిగించడం ఆపివేసింది. ఆ కడప ప్రాంతం నుండే వేలమంది గల్ఫ్ దారి పట్టారు. గనిలో నార తవ్విన సీమ మనిషే, సముద్రం అవతలి షెడ్డులో అదే నార అంటించిన షూను చేతిలో పట్టుకొనే రోజు వచ్చింది.

తెలిసి కూడా

ఈ నార హాని లోకానికి ఆలస్యంగా తెలిసిందా అంటే, అదీ కాదు. ఇంగ్లండులోని రాచ్‌డేల్‌లో రాతినార వడికే మిల్లులో పనిచేసిన నెల్లీ కెర్షా అనే స్త్రీ 1924లో 33 ఏళ్ల వయసులో చనిపోయింది. ఆమె ఊపిరితిత్తులలో రాతినార ముక్కలు కనిపించాయని డాక్టరు కుక్ ఆ ఏడాదే వైద్య పత్రికలో ప్రకటించాడు. 1930లో మెరీవెథర్, ప్రైస్ అనే ప్రభుత్వ అధికారులు ఆ మిల్లుల కార్మికులను పరీక్షించి నివేదిక ఇచ్చారు. 1931లో ఇంగ్లండులో ధూళి అదుపుకు నిబంధనలు వచ్చాయి. అంటే తిరువొత్తియూరు కంపెనీ ఏర్పడడానికి 24 ఏళ్ల ముందే విషయం కాగితంమీద ఉంది.

1960లో దక్షిణాఫ్రికాలో డాక్టరు వాగ్నర్, ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకు వచ్చే అరుదైన క్యాన్సరుకు రాతినారే కారణమని చూపాడు. 1965లో లండన్‌లో జరిగిన పరిశీలనలో ఇంకొక దారుణం తెలిసింది. గనిలోగాని, మిల్లులోగాని ఎన్నడూ అడుగుపెట్టని స్త్రీలకు కూడా ఆ జబ్బు వచ్చింది. వాళ్లు చేసిన నేరం ఇంటివాళ్ల పని బట్టలు ఉతకడమే.

ఈ జబ్బు తొందరపడదు. ధూళి పీల్చిన తరువాత 20, 30, ఒక్కొక్కప్పుడు 40 ఏళ్లకు బయటపడుతుంది. అప్పటికి మనిషి పని మాని ఉంటాడు, షెడ్డు మూతపడి ఉంటుంది, యజమాని మారి ఉంటాడు. గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవాడైతే దేశమే మారి ఉంటుంది. తన దగ్గుకు కారణం పాతికేళ్లనాటి బ్రేకు ధూళి అని ఎవరితో చెప్పుకుంటాడు? 1995లో భారత సుప్రీంకోర్టు రాతినార కార్మికుల ఆరోగ్యం వారి జీవించే హక్కులో భాగమని తీర్పు చెప్పింది. ప్రతి కార్మికుని ఆరోగ్య వివరాలు పనిలో చేరిన నాటినుండి కనీసం 40 ఏళ్లు, లేదా పని మానిన తర్వాత 15 ఏళ్లు, వీటిలో ఏది తరువాత వస్తే అంతవరకు భద్రపరచాలని ఆజ్ఞాపించింది. ఆ జబ్బు ఎంతకాలం దాగి ఉంటుందో ఆ 40 ఏళ్ల లెక్కే చెబుతుంది. కాని రోడ్డు పక్క షెడ్డులో పనిచేసే కుర్రవాడికి అటువంటి పుస్తకం ఎవరు వ్రాసి పెడతారు?

బ్రిటన్ 1999లో, యూరప్ దేశాల కూటమి 2005 నాటికి రాతినారను పూర్తిగా నిషేధించాయి. అమెరికా 2024లో క్రిసొటైల్ వాడకాన్ని నిషేధిస్తూ ఉత్తరువు ఇచ్చింది. విడిగా అమ్మే బ్రేకు లైనింగులు కూడా అందులో చేరాయి. నిషేధించిన దేశాల పట్టికలో బహ్రెయిన్ కూడా ఉంది. భారతదేశం తవ్వకం ఆపింది గాని, దిగుమతి, వాడకం ఆపలేదు.

షెడ్డులో కుర్రవాడు

మెకానిక్ షెడ్డు ఆచారం తెలిసినవారికి ఈ దృశ్యం కొత్త కాదు. చక్రం ఊడదీయగానే మేస్త్రి, “ఒరేయ్, ఆ డ్రమ్ము కాస్త గాలికొట్టు” అంటాడు. “అట్లాగే మేస్త్రీ” అని కుర్రవాడు గాలి గొట్టం అందుకుంటాడు. నల్లటి దుమ్ము గుప్పుమని లేచి షెడ్డంతా పరుచుకుంటుంది. పనిలో కొత్తగా చేరినవాడికి మొదట అప్పగించే పని అదే. తోటల్లో చిన్నపిల్లలకు కలుపు పని అప్పగించినట్లు.

న్యాయంగా చెప్పాలంటే, బ్రేకు వేడికి అరిగిన ధూళిలో చాలా భాగం నార గుణం కోల్పోతుంది. కొంత మాత్రమే నారగా మిగులుతుంది. అసలు ప్రమాదం కొత్త లైనింగును ఆకురాయితోగాని, గరుకు కాగితంతోగాని రాసి డ్రమ్ముకు సరిపెట్టేటప్పుడు. అప్పుడు లేచే నార వేడి తగలని పచ్చి నార. పాత బండ్లను బాగుచేసేవారు సరిగ్గా ఈ పనే చేయవలసి ఉంటుంది.

ముందు చెబుతామన్న ప్రమాదం ఇదే. పాత బండ్ల మోజు ఉన్నవారు ప్రతి మేకూ అసలుదే కావాలంటారు. ఎప్పటిదో అట్టపెట్టె విప్పని పాత లైనింగు దొరికితే బంగారం దొరికినట్లు మురిసిపోతారు. ట్యాంకు, దీపం, పేరుబిళ్ల విషయంలో ఆ పట్టుదల మంచిదే. లైనింగు విషయంలో మాత్రం అది తప్పు. ఆ అట్టపెట్టెలో చరిత్రతోపాటు జబ్బు కూడా భద్రంగా ఉంది.

పని చేసే పద్ధతి

కాబట్టి సిత్రా షెడ్డులోనైనా, ఈపోలోనైనా, విశాఖలోనైనా పాత బండి బ్రేకు విప్పేవారు పాటించవలసిన వరుస ఇది.

మొదట, పాత లైనింగును చూడగానే అందులో రాతినార ఉందనే అనుకోవాలి. గాలి కొట్టకూడదు, పొడి బ్రష్షుతో దులపకూడదు. కొంచెం సబ్బు కలిపిన నీటితో తడిపి, తడిగుడ్డతో తుడవాలి. ఆ గుడ్డను, పాత లైనింగును తడిగానే సంచిలో మూటకట్టి, అటువంటి చెత్తను తీసుకొనేచోట అప్పగించాలి. మూతికి చేతిరుమాలు కట్టుకుంటే చాలదు. సన్న ధూళిని ఆపే అసలైన మాస్కు కావాలి. పని బట్టలు ఇంటికి తీసుకుపోరాదు.

రెండవది డ్రమ్ము. సిత్రా వంటి చోట ఉప్పుగాలికి, ఉక్కకు నిలవ ఉన్న డ్రమ్ము లోపల తుప్పు పట్టి ఉంటుంది. గీతలు పడినా, గుండ్రం తప్పినా లేతుమీద తిప్పి సరిచేయించాలి. పుల్లల చక్రమైతే ముందు పుల్లలు బిగించి, చక్రం సరిచూసుకొని తరువాతనే డ్రమ్ము తిప్పాలి. పుల్లల లాగుడుకు డ్రమ్ము గుండ్రం తప్పుతుంది గనుక వరుస తారుమారైతే చేసిన పని వృథా.

మూడవది షూలు. పగుళ్లు లేవని చూసి, రాతినార లేని లైనింగు వేయించాలి. నేడు అరమిడ్, గాజునార మొదలైనవి కలిపిన లైనింగులు దొరుకుతున్నాయి. వీటి పట్టు పాతదానికంటే కొంచెం వేరుగా ఉండవచ్చు గనుక బండి బరువుకు, డ్రమ్ము కొలతకు తగినది అడిగి తీసుకోవాలి. రివిట్ల తలలు లైనింగు పైకి రాకూడదు. వస్తే డ్రమ్మును గీరేస్తాయి. లైనింగు వంపు డ్రమ్ము వంపుకు పూర్తిగా కలవాలి. నడుమ మాత్రమే తగిలితే లివరు ఎంత నొక్కినా బండి ఆగదు. అంచు మాత్రమే తగిలితే ఒక్కసారిగా పట్టి పడవేస్తుంది.

నాలుగవది క్యాము. పలుచగా గ్రీజు రాయాలి. ఎక్కువైతే వేడికి కరిగి లైనింగు మీదికి దిగుతుంది. బ్రేకు పట్టే సమయంలో కేబులుకూ చిన్న లివరుకూ మధ్య కోణం మూలమట్టం వలె నిలువుగా ఉంటే బలం పూర్తిగా అందుతుంది.

ఐదవది బిగింపు. ఇరుసు నట్టు గట్టిగా బిగించే ముందు బ్రేకు నొక్కి పట్టుకోవాలి. అప్పుడు షూలు డ్రమ్ము నడుమకు వాటంతట అవే సర్దుకుంటాయి. ఆ స్థితిలోనే నట్టు బిగించాలి. రెండు నిమిషాల పని, చాలామంది మరచిపోయే పని.

చివరిది పరీక్ష. ఖాళీ రోడ్డుమీద నెమ్మదిగా పోతూ, పలుమార్లు ఆపుతూ, నడుమ చల్లారనిస్తూ కొత్త లైనింగును డ్రమ్ముకు అలవాటు చేయాలి. ఇంకొక మాట. పాత బుల్లెట్‌లో కుడికాలు గేరుది, ఎడమకాలు బ్రేకుది. ఇప్పటి బండ్లలో ఇందుకు విరుద్ధం. కొత్త బండి అలవాటైన కుర్రవాడు ఆపదలో కుడికాలు తొక్కితే బ్రేకు పడదు, గేరు మారుతుంది. బండి అప్పగించేటప్పుడు ఈ సంగతి నోటితో చెప్పి, నాలుగు చుట్లు తిప్పించి మరీ ఇవ్వాలి.

మనం నిలుపుకోవలసినది

పాతదాన్ని నిలుపుకోవడం మంచి పని. మన భాష, మన పండుగలు, మన పాటలు ఇంతదూరం నిలిచాయంటే పెద్దలు పట్టుదలతో నిలిపినందుకే. అయితే వారు తోటల నుండి తెచ్చినవన్నీ నిలపలేదు. కంగాణీ అప్పును నిలపలేదు, లైను గదుల చీకటిని నిలపలేదు. ఏది వారసత్వమో, ఏది వదిలించుకోవలసిన బరువో వారికి తెలుసు. పాత బండి విషయంలోనూ అదే వివేకం కావాలి. రూపం అసలుదే ఉండనివ్వండి. లైనింగు మాత్రం కొత్తది వేయండి. మార్చిన సంగతిని, తేదీతో సహా, ఒక చీటీమీద వ్రాసి పనిముట్ల పెట్టెలో ఉంచండి. రేపు ఆ చక్రం విప్పేవాడు ఎవరి బిడ్డో, ఏ దేశంలో ఉంటాడో మనకు తెలియదు. ఆ చీటీ వాడికి పనికివస్తుంది.

మన కుటుంబాల్లో వర్క్‌షాపుల్లో, బస్సు డిపోల్లో, లారీ షెడ్లలో పనిచేసిన పెద్దలు ఉన్నారు. గల్ఫ్ షెడ్లలో పనిచేసి వచ్చిన బంధువులు ఊళ్లలో ఉన్నారు. వారిని అడగండి. ఏ ఏడు ఎక్కడ పని చేశారు, బ్రేకు పని చేశారా, ధూళి ఎట్లా ఊదేవారు, ఇవన్నీ వ్రాసి పెట్టండి. ఎడతెగని దగ్గు, ఆయాసం ఉన్నవారిని డాక్టరు దగ్గరకు తీసుకుపోయినప్పుడు ఆ కాగితం కూడా చూపండి. పొగ తాగాడా అని మాత్రమే అడిగే డాక్టరుకు, ఈయన ఏ పని చేశాడో కూడా తెలియాలి. ఇది చరిత్ర వ్రాయడమే, మనవారి ప్రాణానికి అక్కరకు వచ్చే చరిత్ర.